తెల్లగుడ్డ మీద ఒక వాక్యం

ఈమధ్య మన యాంగోన్‌లో, ఈ మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మన తెలుగు కుర్రాళ్ళలో ఎవణ్ణి పలకరించినా ఓడ మాటే ఎత్తుతున్నాడు. ఏ ఓడ, ఎవరి ఓడ, అందులో ఏం పని అని అడిగితే జవాబు ఉండదు. "ఎలిపోతే సాలు తాతా" అంటాడు. వెళ్ళొద్దని చెప్పే మొహం నాకు లేదు. ఈ ఊళ్ళోనే ఉండమనడానికి నా దగ్గర కారణాలేమీ మిగల్లేదు. అయితే నాయనలారా, మీలాగే ఓడ మాటెత్తి వెళ్ళిన ఒక కుర్రాడి కోసం తన ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి దగ్గర నేను పనిచేశాను. ఆవిడ తైవాన్ రాజకీయాల్లో పండిన మనిషి. మొన్నటి వానల్లో అక్కడే కన్నుమూసింది. సామాను కట్టుకునే ముందు ఆవిడ సంగతి ఒకసారి వినండి.

నా ఉద్యోగం దుబాసీ పని. అహ్లోన్ రేవులో బస్తాలు మోసిన మనిషి కొడుకుని. చిన్నప్పుడు మా నాన్న నన్ను గుడికి బదులు సంస్కరణ సభలకు తీసుకెళ్ళేవాడు. అక్కడ నేర్చుకున్న ప్రశ్న ఒక్కటే, "ఆధారం ఏమిటి?" దాన్ని పట్టుకుని నేను దినాల మీద, తద్దినాల మీద, చచ్చినవాడి పేర బతికినవాళ్ళు తినే భోజనాల మీద వ్యాసాలు రాశాను. మన తెలుగు సంఘం పెద్దలు నన్ను పిలవడం మానేశారు. నాకూ అజీర్తి తగ్గింది.

అలాంటివాడికి దొరికిన ఆఖరి ఉద్యోగం ఎలాంటిదో చూడండి. తైవాన్ చేపల ఓడల మీద పనికెళ్ళిన మన కుర్రాళ్ళ ఫిర్యాదులు వినడానికి యాంగోన్‌లో ఒక చిన్న ఆఫీసు పెట్టారు. దానికి పెద్దగా ఆవిడ వచ్చింది. ఇక్కడి మర్యాద ప్రకారం మేం ఆవిడను సయామా, అంటే పంతులమ్మా, అని పిలిచేవాళ్ళం. ఆవిడ నన్ను సయా, అంటే పంతులూ, అనేది. సయామ నిజానికి ఈ ఊరి పిల్లే. చైనా వీధిలో పుట్టి, చైనావాళ్ళ మీద గొడవలు జరిగిన రోజుల్లో తల్లిదండ్రులతో ఊరు విడిచిపోయింది. అందువల్ల ఆవిడ బర్మా భాష పదేళ్ళ పిల్ల దగ్గరే ఆగిపోయింది. రేవు అధికారులతో మాట్లాడుతూ "మావయ్యా, ఇలా చేస్తే నాకు ఏడుపొస్తుంది" అనేది. మీసాలు నెరిసిన అధికారులు నవ్వాపుకోలేక ఫైలు కదిపేవారు. మరీ చిక్కు విషయాలకే నేను కావలసి వచ్చేవాణ్ణి.

తైవాన్‌లో ఆవిడ మొదట బడిపంతులమ్మ. బర్మా నుంచి వలసపోయినవాళ్ళకు కాగితాలు పుట్టక పిల్లలు బడికి రాకపోతుంటే, నగరసభకు పోటీ చేసింది. "బర్మా పిల్ల బర్మాకే పోవాలి" అని ఎదుటి పక్షం గోడల నిండా రాయించింది. ఆ ఎన్నికలో ఆవిడ ఓడిపోయింది. మరోసారి నిలబడినప్పుడు ఆ మాటనే తన బొమ్మ కింద అచ్చు వేయించుకుంది, "బర్మా పిల్లనే. ఎక్కడికీ పోను" అని. గెలిచింది. ఒక సభలో ఎవడో లేచి, మీ ఇంట్లో వంటెవరు చేస్తారని అడిగాడట. "మీ ఇంట్లో చేసే ఆవిడ ఇక్కడే ముందు వరసలో కూర్చుంది. ఇవాళ మీకు అన్నం ఆలస్యమైందా?" అందట. నగరసభ నుంచి పార్లమెంటుకు, అక్కడి నుంచి కార్మికుల శాఖలో పదవికి ఎక్కింది. మన తెలుగు సంఘంలో ఆడవాళ్ళకు ఇన్నేళ్ళలో దక్కిన పదవి ఏదయ్యా అంటే, పులిహోర కలపడం. అదీ ఉప్పు సరిపోయిందో లేదో మగవాడు చూసి చెప్పాలి.

ఆవిడ పద్ధతుల్లో నాకు మింగుడుపడనిది ఒకటుండేది. చావులకు వెళ్ళడం. వాళ్ళ దేశంలో ఓటడిగే మనిషికి అది నిత్యకృత్యమట. పొద్దున్న శవాల దగ్గర, సాయంత్రం పెళ్ళి విందుల్లో కనబడాలి. చావింటికి నాయకుల పేర తెల్లగుడ్డలు వస్తాయి. వాటి మీద పెద్ద అక్షరాలతో నాలుగు మంచి మాటలు, కింద పంపినవారి పదవి, పేరు ఉంటాయి. ఎన్ని గుడ్డలు వేలాడితే ఆ ఇంటికి అంత గౌరవం. ముసలివారికొక మాట, పడుచువారికొక మాట అచ్చయి సిద్ధంగా ఉంటాయట. ఆఫీసు గుమాస్తా చనిపోయినవాడి పేరు రాసి పంపేస్తాడు.

సయామ ఈ అలవాటును యాంగోన్‌కు మోసుకొచ్చింది. ఓడ కుర్రాళ్ళ ఇళ్ళలో ఎవరి తాత పోయినా, ఎవరి అత్త పోయినా గుడ్డ పట్టుకుని బయలుదేరేది. మా డ్రైవరు గంజాం మనిషి, నోరు ఊరుకోదు. "ఇది ఆఫీసు కారు కాదు మాస్టారూ, సావుబండి. గేరు మారిస్తే ఏడుపు ఇనిపిస్తాది" అనేవాడు. నేను కారులోనే ఆవిడతో వాదానికి దిగేవాణ్ణి.

"చచ్చినవాడికి మీ గుడ్డ కనబడుతుందా సయామా?"

"కనబడదు."

"మరి ఓట్లు కూడా లేవే ఇక్కడ?"

"మొదట్లో ఓట్ల కోసమే వెళ్ళాను సయా. అబద్ధమెందుకు? తర్వాత తెలిసింది. గుడ్డ చచ్చినవాడి కోసం కాదు. వీధిలో నిలబడి చూసేవాళ్ళ కోసం. ఈ ఇంటివాళ్ళు ఒంటరివాళ్ళు కారని వాళ్ళకు కనబడాలి."

ఆచారానికి అందమైన కారణం చెప్పడం ఆచారపరుల పాత విద్య. నేను ఒప్పుకోలేదు.

ఇలా ఉండగా అహ్లోన్ నుంచి ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. పాత బియ్యపు మిల్లు వెనక వీధిలో బట్టలు ఇస్త్రీ చేసి బతికే మనిషి. వాళ్ళ పెద్దలది శ్రీకాకుళం వైపు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు తైవాన్ ఓడ మీద పనిచేస్తూ సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు. ఓడ పెద్ద రాసిన నివేదికలో ఒకే ఒక వాక్యం ఉంది. అతను తనంతట తానే దూకాడు. తోటి పనివాళ్ళంతా చూశామని కింద సంతకాలు పెట్టారు.

"నా కొడుకు దూకనేదు బావూ. ఆ మాట తీయించండి" అంది ఆవిడ.

"నీకెలా తెలుసమ్మా?"

"ఆడికి ఈత రాదు. నీల్లంటే బయం. బయమున్నోడు నీల్లలోకి దూకుతాడేటి?"

"భయమైతే ఓడెందుకు ఎక్కాడు?"

"ఇక్కడ అంతకన్నా బయమేసి."

నేను అది బర్మా భాషలో చెప్పాను. సయామ కలం కింద పెట్టేసింది.

పోయిన కొడుకు ఎలాగూ రాడని ఆ తల్లికి తెలుసు. ఆవిడ అడుగుతున్నది వేరు. మన పెద్దలు ఆ నివేదిక సంగతి విని తీర్పు చెప్పేశారు. తనంతట తాను పోయినవాడిది దుర్మరణం కాబట్టి వాడికి మామూలు కర్మ జరగరాదు. ఆ ఇంటి నీళ్ళు ముట్టరాదు. ఆ వీధి తెలుగువాళ్ళు ఆవిడకు బట్టలు వేయడం కూడా మానేశారు, ఆ ఇంటి ఇస్త్రీ చొక్కాకు దయ్యం అంటుకుని వస్తుందన్నట్టు! శవం దొరకనివారికి దర్భలతో బొమ్మ చేసి కాలుస్తారు కదా, ఆ బొమ్మనైనా నలుగురిలో కాల్చుకోవాలని ఆవిడ కోరిక. ఆ నలుగురూ రావాలంటే "దూకాడు" అన్న మాట పోవాలి.

నాయనలారా, దుఃఖంలో ఉన్న ఆడమనిషి గడప తొక్కకపోవడాన్ని ధర్మమని పిలిచే సంఘం తగలబడినా నాకు విచారం లేదు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. "వాళ్ళు రాకపోతే పోనీ అమ్మా, ఆ బొమ్మ కాలిస్తే ఏం, కాల్చకపోతే ఏం" అని కూడా అన్నాను. ఆవిడ నా వైపు చాలా ఓపికగా చూసింది.

"నీకు అక్కర్నేదు బావూ. నాకు కావాలి."

సయామ ఆ కేసును పట్టుకుని వదల్లేదు. ఆ ఓడ మీద పనిచేసి తిరిగొచ్చిన బర్మా కుర్రాడొకడు ఇన్సేన్‌లో ఉన్నాడని తెలిసి వెళ్ళాం. రైలు వర్క్‌షాపు ఎదురుగా టీ దుకాణంలో కూర్చున్నాడు. తన ముందున్న టీ మీద కట్టిన మీగడను చెంచాతో పక్కకు తోస్తూ మాట్లాడాడు.

"నేను పడుకుని ఉన్నాను. పొద్దున్న లేచేసరికి అతని చెప్పులున్నాయి, అతను లేడు. రేవు చేరాక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. మాకు రాని భాష."

"దూకడం నువ్వు చూశావా?" అని ఆవిడే అడిగింది, తన చిన్నపిల్ల బర్మాలో.

"నేను చూడలేదు సయామా. మాలో ఎవరూ చూడలేదు. అందరం పడుకునే ఉన్నాం."

ఆవిడ విచారణ మళ్ళీ తెరవమని పైకి రాసింది. జవాబు రాలేదు. మళ్ళీ రాసింది. పాత పార్లమెంటు స్నేహితులకు ఫోన్లు చేసింది. వాళ్ళు ఆరోగ్యం జాగ్రత్త అన్నారట. "నేను ఓట్లు తెచ్చినప్పుడు ఎవరూ నా ఆరోగ్యం అడగలేదు సయా" అని నవ్వింది. చివరికి పైనుంచి ఉత్తరువు వచ్చింది. సాక్షుల సంతకాలు ఉన్నాయి కాబట్టి కేసు ముగిసింది. నిర్ణయాన్ని తల్లికి తెలిపి, ప్రభుత్వం తరఫున సానుభూతి చెప్పి రావాలి.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కారు చైనా వీధికి పోనిమ్మంది. అక్కడ చావు సామాన్లు అమ్మే ఒక పాత దుకాణం ఉంది. దుకాణదారు కుంచె తీయబోతే ఆవిడ అడ్డుపడి తనే అందుకుంది.

"ఏం రాస్తున్నారు?" అన్నాను.

"ఇతను దూకలేదు అని."

"మీకు తెలుసా?"

"తల్లికి తెలుసు."

"తల్లికి ఉన్నది నమ్మకం. మీ సంతకం ప్రభుత్వానిది."

ఆవిడకు కోపం వచ్చింది. "వాళ్ళు దూకాడని రాసినప్పుడు నీ తర్కం ఎక్కడికి పోయింది సయా?"

"ఎక్కడికీ పోలేదు. వాళ్ళకు తెలియనిది వాళ్ళు రాశారు. మీకు తెలియనిది మీరు రాయబోతున్నారు. మనకు తెలిసింది ఒక్కటే. ఇన్సేన్ కుర్రాడు చెప్పింది."

కుంచె నుంచి సిరా చుక్క నేల మీద పడింది. దుకాణదారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బర్మాలో పోట్లాడుకుంటున్న చైనా ఆవిడా, ఇక్కడివాళ్ళు కొరింగీ అని పిలిచే తెలుగు ముసలివాడూ అతనికి మంచి వినోదమే అయ్యుంటారు. ఆవిడ వంగి రాయడం మొదలుపెట్టింది. పూర్తయ్యాక ఒక్కో చైనా అక్షరం మీద వేలు పెట్టి నాకు చదివి చెప్పింది.

"ఇతను దూకినట్టు ఎవరూ చూడలేదు."

దాని కింద తన పదవి మొత్తం రాయబోతుంటే ఆపాను. పేరు చాలు, పదవి వేస్తే మీ మెడకు చుట్టుకుంటుందన్నాను.

"పదవి లేకపోతే ఇది ఒక ముసలిదాని ఏడుపు" అంది. పూర్తి పదవి, పూర్తి పేరు వేసింది.

మేం వెళ్ళేసరికి అహ్లోన్‌లో ఆ ఇంటి ముందు వీధి నిండా జనం ఉన్నారు, ఇంట్లో మాత్రం ఆ తల్లి తప్ప ఎవరూ లేరు. సంఘం పెద్దలు ఎదుటి అరుగు మీద, అంటు తగలనంత దూరంలో కూర్చున్నారు. వాకిట్లో దర్భల బొమ్మ, దాని మీద కొడుకు లుంగీ. మడత పెట్టిన గుడ్డను సయామ రెండు చేతులా అందించింది. ఆ తల్లి విప్పి చూసింది. గుడ్డ కారులో నలిగి గీతలు పడింది. ఆవిడ దాన్ని లోపలికి తీసుకెళ్ళి, బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసి, ఆ గుడ్డను అంచు నుంచి అంచుదాకా ఇస్త్రీ చేసింది. అక్షరాల మీద పెట్టె ఆనకుండా తడిగుడ్డ వేసి మరీ చేసింది. మేమంతా నిలబడి చూశాం. తర్వాత దాన్ని వాకిలి మీద కట్టారు.

పెద్దల్లో ఒకాయన దిగి వచ్చాడు. "ఏటది? సర్కారుదేనా?"

"సర్కారు మనిషిదే" అన్నాను. పదవి చదివి వినిపించాను. పైన రాసిన వాక్యాన్ని తెలుగులో గట్టిగా చెప్పాను. పెద్దలు గుసగుసలాడుకున్నారు. నిన్నటిదాకా నేను తర్కంతో, చీవాట్లతో కదపలేనివాళ్ళు, తమకు ఒక్క అక్షరం కూడా రాని గుడ్డను చూసి లేచారు. "ఎవులూ సూడనప్పుడు దుర్మరణం అని ఎలాగంతాం? అనకూడదు" అని తీర్మానించారు. చెప్పులు విప్పి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఆవిడ బిందెలో నీళ్ళు ముంచుకుని తాగారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సయామ నా వైపు చూసి తలాడించింది. గెలిచామనుకుంది. నేనూ అనుకున్నాను.

అప్పుడు ఆ తల్లి నా చొక్కా పట్టుకుంది.

"బావూ, మళ్ళీ సెప్పు. ఏటి రాసినారు?"

చెప్పాను.

"ఎవులూ సూడనేదా?"

"లేదమ్మా."

"అంతమందున్నారు కదా. ఆడు ములిగిపోతంటే ఒక్కడూ సూడనేదా? అమ్మా అని అరిసే ఉంతాడు. ఒక్కడూ ఇననేదా?"

నేను జీవితమంతా మాటలు ఒక భాషలోంచి ఇంకొక భాషలోకి మోశాను. పక్క నుంచి సయామ "ఏమంటోంది? ఏమంటోంది సయా?" అని అడుగుతోంది. ఏమీ లేదు, దండం పెడుతోంది అని చెప్పవచ్చు. కాని దుబాసీ అలా చేయకూడదు. చెప్పాను. ఆవిడ, అన్ని ఎన్నికలు చూసిన మనిషి, ఇస్త్రీ బల్ల పక్కన నేల మీద కూలబడిపోయింది. ఆ తల్లే ఆవిడకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ వాక్యం తప్పని నేను ఇప్పటికీ అనను. ఆ గుడ్డ మీద రాయదగిన నిజం అదొక్కటే. దానివల్లనే ఆ ఇంటి నీళ్ళు మళ్ళీ నీళ్ళయ్యాయి. కాని నిజం చెప్పినంత మాత్రాన మనిషికి ఊరట దొరుకుతుందని నేను సభల్లో చేతులూపి చెప్పిన మాట ఆ పూట ఆ వాకిట్లో నిలబడలేదు. రేవు గట్టున బొమ్మ కాలింది. సయామ వాళ్ళ పద్ధతిలో వంగి వంగి నమస్కరించింది. నేను కూడా తల వంచాను. దేనికని నన్నడగకండి.

గుడ్డ ఫోటో ఎవరి ఫోనులోంచో బయటపడి వాళ్ళ దేశం చేరింది. ప్రభుత్వ నిర్ణయాన్ని ప్రభుత్వ అధికారే చావుగుడ్డ మీద కొట్టేసిందని అక్కడి పత్రికలు రాశాయట. వెనక్కి రమ్మన్నారు. ఆఫీసు మూసేశారు. నేను రిటైరయ్యాను. డ్రైవరు సొంతంగా టాక్సీ నడుపుకున్నాడు. ఆవిడ తిరిగి తన పాత పేటలో నగరసభకు నిలబడింది. ఒకప్పుడు ఎవరి చావులకు గుడ్డలు పంపిందో వాళ్ళ పిల్లలే ఆవిడను ఓడించారు. "సయా, ఈసారి మాత్రం నన్ను బర్మా పిల్ల అని ఎవరూ తిట్టలేదు. బర్మా ముసలమ్మ అన్నారు" అని ఫోను చేసి నవ్వింది. ఆ ఓడ కేసు తెరవమని అడుగుతూనే ఉండేది. అది తెరుచుకోలేదు.

మొన్నటి వానల్లో ఆవిడ పోయిన కబురు డ్రైవరు ద్వారా అహ్లోన్ చేరింది. ఆ ఇస్త్రీ తల్లి తడుస్తూ బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. వాళ్ళ దేశంలో అంత్యక్రియలకు కొన్ని వారాలు ఆగుతారని ఎవరో చెప్పారట.

"మనమూ గుడ్డ పంపాల బావూ."

"అక్కడ పెద్దపెద్దవాళ్ళు పంపుతారమ్మా. మనదెవరు చూస్తారు?"

"సూడకపోతే పోనీ. ఏలాడనీ."

ఇద్దరం చైనా వీధికి వెళ్ళాం. అదే దుకాణం, అదే దుకాణదారు, ఇంకాస్త వంగిపోయాడు. తైవాన్ వెళ్ళేవాళ్ళ సామానులో పంపిస్తానన్నాడు. కుంచె ముంచి ఏం రాయమంటారని అడిగాడు. గొప్ప వ్యక్తి, కీర్తి నిలుచును లాంటి మాటలు నాలుగైదు అతనే చదివాడు. నేను వాటిని తెలుగులో చెబుతుంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అయ్యేటీ వొద్దు. మేం సూసినాం అని రాయి."

"ఏం చూశామని?"

"ఆ తల్లి నా గడప తొక్కింది. నా కొడుకు కోసం దెబ్బలాడి కుర్సీ ఒదులుకుంది. మా వీది వీదంతా సూసింది. ఆమె సావు మాత్రం ఎవులూ సూడనిది అవకూడదు."

దుకాణదారు బర్మాలో అడిగాడు, కింద ఏ పదవి వేయాలని. ఆవిడను అడిగాను. "ఇస్త్రీ మనిషి, అహ్లోన్" అని వేయమంది. అతను నా వంక చూశాడు, నిజంగానా అన్నట్టు.

రాయమన్నాను. ఈసారి ఆధారం ఏమిటని నేను అడగలేదు. తడి కొంగు పిండుకుంటూ సాక్షి నా పక్కనే నిలబడి ఉంది.